చివరిసారి బాగున్నది ఎప్పుడు

పన్నెండేళ్లుగా మా ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం.
పెన్సిలు రాతలు నావి, జబ్బు రన్‌వాది.

మొదట వెలుగు వస్తుంది.
కంటి మూలన రంపపు పళ్లలాంటి వెలుగు,
కర్మాగారంలో చేపపొలుసు మీద ట్యూబులైటు పడ్డట్టు.
పది నిమిషాలకి చిటికెన వేలు తిమ్మిరెక్కుతుంది.
అక్కణ్నుంచి మణికట్టు, మోచెయ్యి,
పై పెదవిలో సగం.
స్వెటరు అల్లినట్టే, వరస మీద వరస,
దానికేం తొందర లేదు.
తర్వాత మాట పోతుంది.
తాళంచెవి అడగబోయి గొర్రెపిల్ల అంటుంది,
అన్నాక తప్పని తెలిసి సగం మూతితో నవ్వుతుంది.
మిగతా సగం నవ్వు కోసం
తెల్లారేదాకా కూర్చున్న రాత్రులున్నాయి.
ఆఖర్న నొప్పి.
నొప్పి వచ్చిందంటే మా ఇంట్లో ఊపిరి పీల్చుకుంటాం.
వినడానికి బాగుండదు, కానీ అంతే.
నొప్పి వెనకే చెయ్యి తిరిగొస్తుంది,
పొద్దుపోయాక ఇల్లు చేరిన పిల్లిలా, ఏమీ ఎరగనట్టు.

వాళ్లమ్మకీ ఇదే. అన్న ఐదున్‌కీ ఇదే.
ఆ వంశంలో వంకర ముక్కుతో పాటు దిగింది.

డాక్టర్ హ్యోర్దిస్ చెప్పింది అప్పట్లో:
"స్ట్రోక్ దీపం ఆర్పినట్టు వస్తుంది.
ఇది పోటు ఎక్కినట్టు వస్తుంది. చాలాసార్లు."
ఆ చాలాసార్లు దగ్గర ఆగి, కళ్లజోడు తీసి,
"ఎప్పుడూ అని అనలేదు నేను," అంది.
"తేడా కనిపిస్తే మీరు తేల్చకండి. ఫోన్ చెయ్యండి."

రాత్రి వెలుగు రాలేదు.
వేలి దగ్గర మొదలవలేదు.
పక్క మీద కూర్చుని మేజోడు మడమ తిప్పుతోంది,
సూది జారింది.
దాని వెంట చెయ్యి.
చెయ్యి వెంట ఆ పక్కంతా.
వరసల్లేవు. ఎవరో కత్తెరతో దారం తెంపారు.
"ఎప్పటిదే" అనబోయింది,
"ఎ" దాకా వచ్చింది.
నేను కాగితం దగ్గరికి పరిగెత్తాను.
ఫోను దగ్గరికి కాదు, కాగితం దగ్గరికి.
ఒక నిమిషం, ఒకటిన్నర,
ఏ గడిలోనైనా ఇది ఇరుకుతుందేమోనని.
ఇరకలేదు.

గాలికి హెలికాప్టరు లేవలేదు.
క్లాక్స్‌విక్ నుంచి అంబులెన్సు, సముద్రం కింద సొరంగం,
నెత్తిన అన్ని నీళ్లు.
పక్కన కూర్చున్నాను.
ఏ పక్కన?
కుడిచెయ్యి పట్టుకుంటే నాకు తెలుస్తుంది, తనకి తెలీదు.
అటు తిరిగి ఎడమది పట్టుకున్నాను.
నొక్కింది. మళ్లీ నొక్కింది.

టోర్స్‌హావ్న్‌లో ఓ కుర్ర డాక్టరు,
మెడలో కార్డు తిరగబడి పేరు కనబడటం లేదు.
పార్శ్వపు నొప్పి చరిత్రంతా చెప్పబోయాను.
విన్నాడు, తలాడించాడు,
"అదే కావచ్చు. స్కాన్ తీసేదాకా స్ట్రోకనే అనుకుంటాం," అన్నాడు.
తర్వాత ఒకే ప్రశ్న:
"చివరిసారి బాగున్నది ఎప్పుడు?"
మందు ఎక్కించాలా వద్దా
ఆ గంటని బట్టి కూడా ఉంటుందట.

జేబులో కాగితం నాలుగు మడతలు.
పన్నెండేళ్లు, నలభై ఒక్క సార్లు.
ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు దిగింది,
ఏ వేలు, ఏ పెదవి, అన్నీ ఉన్నాయి.
బాగున్న గంట ఒక్కటీ లేదు.
ఎవరు రాస్తారు?

కళ్లు మూసుకుని వెతికాను.
టీ పొంగింది. బీనా ఫోన్ చేసి పెట్టేసింది.
టీవీలో వాతావరణం చెప్పేవాడు
రేపు రోజంతా ఎండ అన్నాడు.
రన్‌వా పగలబడి నవ్వింది.
పూర్తి మూతితో.

"తొమ్మిదీ పది," అన్నాను.
అతను రాసుకున్నాడు. వాళ్లు పక్క తోసుకుంటూ లోపలికెళ్లారు,
తలుపు మూసుకుంది.

కాగితం కింద కాస్త చోటుంది.
పెన్సిలు కోసం జేబులన్నీ తడుముకుంటున్నాను.